మనవాళ్ళూ ఒకప్పుడు బయటే ఉన్నారు

ప్రశ్న: అయ్యగారూ, వందనాలు. మాది డోర్నకల్ వైపు, సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం). మా ఆవిడది నంద్యాల. ఆరేళ్ళుగా డల్లాస్ దగ్గర ఉంటున్నాం. ఈ మధ్య మా ఇంటికి దగ్గర్లో ఒక చిన్న గుడి చూశాం. బోర్డు మీద ‘ఆంగ్లికన్’ అనీ, కింద ‘1928 ప్రార్థన పుస్తకం’ అనీ ఉంది. వెళ్తే నలభై మంది కూడా లేరు. అందరూ బలిపీఠం ముందున్న రెయిలింగ్ దగ్గర మోకరించి సంస్కారం (ప్రభు భోజనం) తీసుకున్నారు. పాత ఇంగ్లీషు ప్రార్థనలు. పాస్టరుగారిని ‘ఫాదర్’ అంటారు, ఆయనకు భార్యాపిల్లలు ఉన్నారు! ఆరు నెలల వీసా మీద వచ్చిన మా అమ్మ అయితే ఏడ్చేసింది, ‘మా చిన్నప్పుడు మన గుళ్ళో ఇలాగే ఉండేదిరా’ అని. పాపకు అక్కడే బాప్తిస్మం ఇప్పించాలని నేనూ అమ్మా అనుకున్నాం.

తర్వాత వాళ్ళ వెబ్‌సైట్ చూస్తే, తాము ప్రపంచ ఆంగ్లికన్లకు పెద్ద అయిన కాంటర్‌బరీ ఆర్చిబిషప్ కింద లేమని రాసి ఉంది. మా ఆవిడ ‘ఇది డూప్లికేట్ చర్చి’ అంది. అంతలో ఇంకో సంగతి బయటపడింది. ఆమె కన్ఫర్మేషన్ (బాప్తిస్మం పొందినవాళ్ళ తల మీద బిషప్ చేతులుంచి స్థిరపరిచే ఆచారం) నంద్యాలలో బిషప్ పుష్ప లలిత గారి చేతుల మీదుగా జరిగింది. మాటల్లో ఆ విషయం చెప్తే ఫాదర్‌గారు మర్యాదగానే, ‘అయితే మీకు మళ్ళీ కన్ఫర్మేషన్ చెయ్యాల్సి ఉంటుంది’ అన్నారు. ఆ రోజు నుంచి ఆమె ఆ గుమ్మం తొక్కనంటోంది. ఇంట్లో ఒకటే టెన్షన్. ఇది అసలైన చర్చేనా? అక్కడ ఇచ్చిన బాప్తిస్మం మన దగ్గర చెల్లుతుందా? ఆవిడకు ఎలా నచ్చజెప్పాలి? ఇంకో చిన్న మాట, బాప్తిస్మం రోజు తెలుగు కీర్తన పాడించొచ్చా?

(పేరు వద్దన్నారు)

జవాబు: బాబూ, ‘ఆవిడకు ఎలా నచ్చజెప్పాలి’ అన్న మాట ముందు పక్కన పెట్టండి. మిగతా వాటికి నాకు తెలిసింది చెప్తాను. దాని సంగతి చివర్లో చూద్దాం.

మీరు చూసింది డూప్లికేట్ కాదు. అమెరికాలో వాటిని ‘కంటిన్యూయింగ్’ ఆంగ్లికన్ చర్చిలంటారు. ‘మేం కొత్తగా ఏమీ పెట్టలేదు, పాతదాన్నే కొనసాగిస్తున్నాం, వదిలేసింది వాళ్ళే’ అని ఆ పేరుకు అర్థం. ఇంగ్లండ్ సంఘం నుంచి పుట్టిన చర్చిని అమెరికాలో ఎపిస్కోపల్ చర్చి అంటారు. 1976లో మినియాపోలిస్‌లో జరిగిన మహాసభలో అది రెండు పెద్ద పనులు చేసింది. స్త్రీలను ప్రీస్టులుగా అభిషేకించడానికి ఒప్పుకుంది. కొత్త ప్రార్థన పుస్తకానికి మొదటి ఆమోదం ఇచ్చింది, అది 1979లో ఖాయమైంది. మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో, ఈ రెండూ మింగుడుపడనివాళ్ళు సెయింట్ లూయిస్ నగరంలో సమావేశమై ఒక ప్రకటన చేశారు. అపొస్తలుల కాలం నుంచి వచ్చిన విశ్వాసం నుంచీ సంఘ క్రమం నుంచీ ఎపిస్కోపల్ చర్చీ కెనడా ఆంగ్లికన్ చర్చీ తప్పుకున్నాయని అందులో రాశారు. మీ గుడి బోర్డు మీది ‘1928’ అనే అంకె అక్కడి నుంచే వచ్చింది. అది కొత్త పుస్తకానికి ముందున్న పుస్తకం. మన దగ్గర పాత బైబిలు అనువాదాన్ని వదలనివాళ్ళు ఉంటారే, అలాగన్నమాట. కాకపోతే వీళ్ళు దాని కోసం గుడి భవనాలూ పాస్టర్ల పెన్షన్లూ కూడా వదులుకుని బయటికొచ్చారు.

చిత్రమేమిటంటే, కాంటర్‌బరీతో తమ సహవాసం కొనసాగుతుందని ఆ ప్రకటనలోనే రాసుకున్నారు! కాంటర్‌బరీ మాత్రం వీళ్ళను లెక్కలోకి తీసుకోలేదు. 1994లో ఇంగ్లండ్ సంఘమే స్త్రీలను ప్రీస్టులుగా అభిషేకించడం మొదలుపెట్టాక వీళ్ళకూ ఆ ఆశ పోయింది. ఇప్పుడైతే కాంటర్‌బరీ ఆర్చిబిషప్పే మహిళ, సారా ములల్లీ గారు. కాబట్టి వెబ్‌సైట్లో ఆ మాట చూసి మోసమనుకోకండి. దాచకుండా ముందే చెప్పారు, అది నిజాయితీ. ఒక చర్చి ఆంగ్లికన్ కమ్యూనియన్‌లో లేదంటే దానికి అర్థం ఒక్కటే: ఆ ప్రపంచ కుటుంబం జాబితాలో దాని పేరు లేదని. అక్కడి ప్రార్థన దేవుడికి చేరదని కాదు.

ఇక్కడ మీ ఆవిడకు ఒక సంగతి చెప్పాలి. బహుశా ఆమెకు తెలిసే ఉంటుంది. తెలియకపోతే వాళ్ళ తాతగారి వయసువాళ్ళను అడగమనండి.

నేను పుట్టింది నంద్యాల వైపే. మా నాన్న ఊరి సంఘంలో బోధ చేసే ఉపదేశి. 1947 సెప్టెంబర్ 27న మద్రాసు సెయింట్ జార్జి కేథడ్రల్‌లో సీఎస్ఐ పుట్టినప్పుడు ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనల్ వాళ్ళు ఒకే సంఘమయ్యారు. మీ డోర్నకల్ బిషప్ అజరయ్య గారు దాని కోసం ఏళ్ళ తరబడి పాటుపడి, అది చూడకుండానే 1945 జనవరి 1న కన్నుమూశారు. అయితే నంద్యాల, ముత్యాలపాడు, కలసపాడు వైపు ఎస్‌పీజీ అనే ఇంగ్లండ్ ఆంగ్లికన్ మిషన్ సంఘాల్లో వేలమంది మాత్రం చేరలేదు. వాళ్ళ అభ్యంతరం మీ ఫాదర్‌గారి అభ్యంతరం లాంటిదే. బిషప్ చేతులుంచి అభిషేకించని పాస్టర్లు కూడా కొత్త సంఘంలో సంస్కారం ఇస్తారు. ముప్పై ఏళ్ళ పాటు ఇలా నడుస్తుంది, ఎవరికీ ఇష్టం లేని పాస్టరును బలవంతంగా పంపం అని సీఎస్ఐ మాట ఇచ్చింది. మావాళ్ళకు అది చాలలేదు. మచిలీపట్నం వైపు సీఎంఎస్ మిషన్ వాళ్ళకు ఈ పట్టింపు తక్కువ, ఎస్‌పీజీ వాళ్ళకు ఎక్కువ. ఏ మిషనరీ పెంచితే ఆ పోలిక వస్తుంది కదా. ఇంగ్లండ్‌లో కూడా దీని మీద పెద్ద గొడవే జరిగింది. కవి టీఎస్ ఎలియట్ ఈ ఐక్య పథకాన్ని వ్యతిరేకిస్తూ ఒక చిన్న పుస్తకమే రాశాడు.

మా మేనత్తను జమ్మలమడుగు వైపు ఇచ్చారు. వాళ్ళు ఎల్ఎంఎస్ (లండన్ మిషన్) వాళ్ళు, అంటే బిషప్పే లేని సంప్రదాయం నుంచి సీఎస్ఐలోకి వచ్చినవాళ్ళు. ఆమె క్రిస్మస్‌కు పుట్టింటికొస్తే మా నాయనమ్మ గడపలోనే అడిగేది, ‘ఎవరి చేతి సంస్కారం తీసుకున్నావే?’ అని. అత్త ఏమీ అనేది కాదు. చెప్పులు విడిచి లోపలికొచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఆ ప్రశ్న ఆమెను ఎంత బాధపెట్టిందో నాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ తెలియలేదు. మీ ఉత్తరంలో మీ ఆవిడ గుమ్మం తొక్కనన్న సంగతి చదవగానే ఆమే గుర్తొచ్చింది.

మావాళ్ళు 28 ఏళ్ళు బయటే ఉన్నారు. కలకత్తా మెట్రోపాలిటన్ (పెద్ద బిషప్) కింద ఉన్నారు, తర్వాత సొంత డయోసిస్ (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) అయ్యారు, 1970లో ఉత్తరాది సంఘమైన సీఎన్ఐలోకి వెళ్ళారు, చివరికి 1975లో సీఎస్ఐలోకి వచ్చారు. బిషప్ చేతుల మీద అంత పట్టింపున్న ఆ నంద్యాల డయోసిస్‌కే 2013 సెప్టెంబర్‌లో పుష్ప లలిత గారు బిషప్పయ్యారు, సీఎస్ఐ మొత్తానికి తొలి మహిళా బిషప్. మా నాయనమ్మ బతికుంటే ఏమనేదో! ఆ చేతులే మీ ఆవిడ తల మీద ఉన్నాయి. మీకు అది చర్చి పేపర్లలో ఒక ఎంట్రీ కావచ్చు. ఆమెకు మాత్రం తన ఊరి చరిత్ర.

ఇప్పుడు ఫాదర్‌గారి మాట. ఆయన మీ ఆవిడను అవమానించాలని అన్లేదు. వాళ్ళ లెక్క ఏమిటంటే, క్రీస్తు అపొస్తలులను నియమించాడు, వాళ్ళు బిషప్పులను, ఆ బిషప్పులు తర్వాతి బిషప్పులను చేతులుంచి అభిషేకించుకుంటూ వచ్చారు. ఈ గొలుసులో ఒక్క కొక్కెం ఊడినా కింద ఉన్నదంతా పడిపోతుంది. స్త్రీని బిషప్‌గా అభిషేకించే అధికారం సంఘానికి లేదని వాళ్ళ నమ్మకం. కాబట్టి వాళ్ళ దృష్టిలో అక్కడ కొక్కెమే లేదు. పుష్ప లలిత గారు చేసిన కన్ఫర్మేషన్ చెల్లనప్పుడు మీ ఆవిడ ఇంకా కన్ఫర్మేషన్ కానట్టే. పాత ప్రార్థన పుస్తకంలో ఒక నియమం ఉంది: కన్ఫర్మేషన్ అయినవాళ్ళు, లేదా దానికి సిద్ధపడి కోరుకుంటున్నవాళ్ళు మాత్రమే సంస్కారం తీసుకోవాలి. మీ సమస్యకు అసలు వేరు ఇదే. రేపు రెయిలింగ్ దగ్గర మీరు, మీ అమ్మగారు మోకరిస్తే, మీ ఆవిడ బెంచీలోనే కూర్చోవాలి, లేదా ఆశీర్వాదం మాత్రం తీసుకుని వెనక్కి రావాలి. వాళ్ళ మనసులో దురుద్దేశం లేకపోవచ్చు, ఆమెకు మాత్రం ప్రతి ఆదివారం అదే గాయం.

నేను ఈ విషయంలో ఎటు వైపో దాచను. స్త్రీల అభిషేకం సరైనదే అనుకుంటాను. మొదటి నుంచీ మాత్రం అలా అనుకోలేదు. యువకుడిగా ఉన్నప్పుడు దానికి వ్యతిరేకంగా గంటసేపు వాదించగలిగేవాణ్ణి, ఈనాటి మీ ఫాదర్‌గారి మాటలే వాడేవాణ్ణి. ఊళ్ళల్లో ఉపదేశిల భార్యలు జీతం, పేరు లేకుండా సంఘాలను నిలబెట్టడం కళ్ళారా చూశాక నా వాదన సన్నబడింది. అయినా, అటు వైపు ఉన్నవాళ్ళంతా ఆడవాళ్ళంటే గిట్టనివాళ్ళని మాత్రం అనను. వాళ్ళ గొలుసు లెక్కకు ఒక తర్కం ఉంది, దాన్ని వాళ్ళు నిజంగా నమ్ముతారు.

కాకపోతే ఆ గొలుసు కథ వాళ్ళ ఇంట్లో కూడా అంత సాఫీగా సాగలేదు. 1978 జనవరిలో డెన్వర్‌లో వాళ్ళ తొలి బిషప్పుల అభిషేకం జరిగింది. పాత ఆచారం ప్రకారం ముగ్గురు బిషప్పులు చేతులుంచాలి. చార్లెస్ డోరెన్ గారిని అభిషేకించడానికి అక్కడ ఉన్నది ఇద్దరే: ఎపిస్కోపల్ చర్చి నుంచి రిటైరైన ఆల్బర్ట్ చాంబర్స్, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఫ్రాన్సిస్కో పగ్తఖాన్. మూడో బిషప్ కొరియా నుంచి సమ్మతి ఉత్తరం పంపారు. ఆ తర్వాత కొన్నేళ్ళలోనే వాళ్ళలో వాళ్ళకు పడలేదు. ఆంగ్లికన్ కాథలిక్ చర్చి అని ఒకటి, క్రైస్ట్ ది కింగ్ ప్రావిన్స్ అని ఒకటి, యునైటెడ్ ఎపిస్కోపల్ అని ఇంకొకటి. 1991లో ఫ్లోరిడాలోని డీర్‌ఫీల్డ్ బీచ్‌లో కొందరు బిషప్పులకు ‘ఒకవేళ ముందు జరిగింది చెల్లకపోతే’ అన్న షరతుతో మళ్ళీ అభిషేకం చేసుకున్నారు. అంటే వాళ్ళ సొంత బిషప్పుల గురించే వాళ్ళకు సందేహం వచ్చింది! 2017లో నాలుగు శాఖలు అట్లాంటాలో సంతకాలు చేసి పూర్తి సహవాసంలోకి వచ్చాయి. నాకు అది మంచి కబురుగానే అనిపించింది.

మీకు ఈ చరిత్రంతా ఎందుకు చెప్తున్నానంటే, ఫాదర్‌గారు ‘మళ్ళీ’ అన్న చోట ‘షరతుతో’ అనే వీలు వాళ్ళ సంప్రదాయంలోనే ఉంది. బాప్తిస్మం విషయంలోనైతే పుస్తకంలోనే రాసి ఉంది, ‘నీకు ఇంతకుముందే బాప్తిస్మం కాకపోయి ఉంటే’ అని మొదలయ్యే మాట. కన్ఫర్మేషన్‌లో కూడా అలా చేసే వీలుంటుంది. ఆ మాటతో చేస్తే, పాతది లేదని కొట్టిపారేసినట్టు కాదు. అయినా నా సలహా అడిగితే, మీ ఆవిడ తనంతట తాను కోరుకుంటే తప్ప అది కూడా వద్దు. ‘పాప కోసం ఒక్కసారి’ అని అడగకండి. మీ అమ్మగారి చేత అసలు అడిగించకండి. అత్తగారి మాట కాదనలేక రెయిలింగ్ దగ్గర మోకరిస్తే, ఆ కన్ఫర్మేషన్‌కు ఏ గొలుసూ బలం ఇవ్వదు.

పాప బాప్తిస్మం మాత్రం వేరే సంగతి. చాలామంది ఈ రెండూ కలిపేసి కంగారుపడతారు. బాప్తిస్మం చెల్లిందో లేదో తేల్చడానికి పాత పుస్తకం అడిగేది ముఖ్యంగా రెండు ప్రశ్నలు: దేనితో ఇచ్చారు, ఏ మాటలతో ఇచ్చారు. నీళ్ళతో, తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలో ఇస్తే అయిపోయింది. సీఎస్ఐ దాన్ని ఒప్పుకుంటుంది, రోమన్ కాథలిక్కులూ ఒప్పుకుంటారు. ఎవరి జాబితాలో ఎవరున్నారన్నది అడగరు. ఎదిగాకే ముంచాలనే బాప్టిస్టులు, పెంతెకొస్తువాళ్ళు ఒప్పుకోరు, కానీ వాళ్ళు డోర్నకల్‌లో ఇచ్చినా ఒప్పుకోరు. సర్టిఫికెట్ మీద పాప పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఇంటి పేరుతో సహా రాయించండి. మనవాళ్ళ పేర్లతో అమెరికాలో జరిగే తిప్పలు మీకు నేను చెప్పక్కర్లేదు.

తల్లికి వాళ్ళ లెక్కలో కన్ఫర్మేషన్ లేకపోతే బిడ్డకు బాప్తిస్మం ఇవ్వరాదని పుస్తకంలో ఎక్కడా లేదు. జ్ఞాన తల్లిదండ్రుల దగ్గర మాత్రం పేచీ రావచ్చు. పాత పద్ధతిలో ఆడపిల్లకు ఇద్దరు జ్ఞాన తల్లులు, ఒక జ్ఞాన తండ్రి. మీ ఆవిడ తన చెల్లెల్ని అనుకుని ఉంటే, ఆమెకూ నంద్యాలలోనే కన్ఫర్మేషన్ అయి ఉంటే, అదే గొడవ మళ్ళీ మొదలవుతుంది. విమానం టికెట్లు కొనకముందే అడగండి.

ఫాదర్‌గారితో ఒకసారి విడిగా కూర్చోండి, ఆదివారం ఆరాధన అయ్యాక కాఫీ కప్పు పట్టుకుని కాదు. మీ సంఘం ఏ బిషప్ కింద ఉంది, ఆ బిషప్ ఏ శాఖవారు, వాళ్ళు ఇంకెవరితో సహవాసంలో ఉన్నారు అని అడగండి. సూటిగా చెప్తే మంచిది. ఆయనే ఆర్చిబిషప్పు, ఆయనే కోశాధికారి, సంఘం మొత్తం ఆయన గ్యారేజీలోనే అయితే దండం పెట్టి వచ్చేయండి. బిషప్ బిరుదు తగిలించుకున్నవాళ్ళకు మన జిల్లాల్లోనూ కొదవ లేదు, అక్కడా లేదు. లెక్కలు సంఘానికి చూపిస్తారా, పిల్లల దగ్గర పనిచేసేవాళ్ళ గురించి విచారణ చేస్తారా అన్నదీ అడగండి, సిగ్గుపడకండి. ఆ తర్వాత అసలు ప్రశ్న: ‘మా ఆవిడ మళ్ళీ కన్ఫర్మేషన్ తీసుకోకపోతే ఈ సంఘంలో ఆమె ఎవరు?’ దానికి ఆయన వెంటనే చెప్పే జవాబు కన్నా, చెప్పేముందు ఆయన ముఖం ఎలా మారిందో చూడండి.

చుట్టుపక్కల వేరే గుళ్ళు లేక కాదు. మీకూ ఫోర్ట్ వర్త్‌కూ మధ్య బెడ్‌ఫర్డ్ అనే ఊరుంది. 2009లో ఏసీఎన్ఏ అనే ఇంకో ఆంగ్లికన్ చర్చి పుట్టింది అక్కడే. అదీ ఎపిస్కోపల్ చర్చి నుంచి విడిపోయిందే, అదీ కాంటర్‌బరీ జాబితాలో లేదు. అయితే స్త్రీలను ప్రీస్టులుగా అభిషేకించాలా వద్దా అన్నది ఏ డయోసిస్‌కు ఆ డయోసిస్ తేల్చుకుంటుంది. స్త్రీలను బిషప్పులు మాత్రం చేయరు. ఫోర్ట్ వర్త్ డయోసిస్ ఆ పాత పద్ధతి వైపే. దాని గుడి ఆస్తుల కేసు టెక్సాస్ సుప్రీంకోర్టు దాకా వెళ్ళి ఏళ్ళ తరబడి నడిచింది, అది ఇంకో ఉత్తరానికి సరిపడేంత కథ. కాథలిక్కుల వైపు వెళ్తే, ఆంగ్లికన్ ప్రార్థనలు ఉంచుకుంటూనే పోపు కింద చేరినవాళ్ళ విభాగం ఒకటి 2012 నుంచి హ్యూస్టన్ కేంద్రంగా ఉంది, మీకది అక్కర్లేదు. ఎపిస్కోపల్ గుళ్ళో మీ ఆవిడ కన్ఫర్మేషన్‌కు ఏ ప్రశ్నా రాదు, సీఎస్ఐ, ఎపిస్కోపల్ చర్చి రెండూ ఆ ప్రపంచ కుటుంబంలోవే. అక్కడి వివాహ బోధ (స్వలింగ వివాహాలనూ ఒప్పుకుంటారు) మీ ఇంటికి నప్పకపోవచ్చు, అది వెళ్ళి చూస్తే తెలుస్తుంది. ఇక సీఎస్ఐ సంఘం డల్లాస్‌లోనే ఉంది. మలయాళీలు ఎక్కువ, ఆరాధనలో మీకు ఒక్క ముక్కా అర్థం కాకపోవచ్చు. కానీ అక్కడ మీ ఆవిడను ఎవరూ ఎవరి చేతులని అడగరు.

నేనైతే ఇలా చేస్తాను. బాప్తిస్మాన్ని ఒక రెండు నెలలు వాయిదా వేయండి. మీ అమ్మగారి వీసా గడువు తరుముతోందని తెలుసు. ఆమెను ఆ చిన్న గుడికి తీసుకెళ్తూ ఉండండి. డెబ్భై ఏళ్ళ మనిషికి చిన్నప్పటి ప్రార్థన మళ్ళీ వినబడితే ఎవరు మాత్రం కాదంటారు. ఆ ఆదివారాల్లో మీ ఆవిడ ఇంట్లోనే ఉంటానంటే ఉండనివ్వండి, మధ్యమధ్య ఆమె చెప్పిన చోటికి మీరూ వెళ్ళండి. పాపను ఎక్కడ ఎత్తుకుని నిలబడితే తన చేతులు వణకవో ఆమెనే చెప్పమనండి. ఆ చిన్న గుడే అని ఆమె అంటే, ఫాదర్‌గారు ఆ పూట సంస్కారం లేకుండా బాప్తిస్మం ఒక్కటే పెట్టగలరు, పుస్తకంలో అది వేరే క్రమం. అప్పుడు రెయిలింగ్ సమస్యే రాదు. వేరే చోటు అంటే అక్కడే. నచ్చజెప్పడం గురించి అడిగారు కదా, నచ్చజెప్పాల్సింది ఆవిడకు కాదు, మీ అమ్మగారికి. అది మీ పని, కోడలి మీద వేయకండి.

తెలుగు కీర్తన సంగతికొస్తే, భేషుగ్గా పాడించొచ్చు. బాప్తిస్మానికి ఏ పాట పాడాలో పుస్తకం చెప్పదు, ఫాదర్‌గారి అనుమతి ఉంటే చాలు. ఒక్క జాగ్రత్త: మన కీర్తనల రాగం అక్కడ ఆర్గాన్ వాయించేవాళ్ళకు తెలియదు. స్వరాలు రాసి పంపినా, ఫోనులో రికార్డు చేసి పంపినా రెండు వారాలు ముందే పంపండి. లేకపోతే ఆర్గాన్ ఆపేయమని చెప్పి, మీ అమ్మగారిని, మీ ఆవిడను ఇద్దర్నీ కలిసి ఎత్తుకోమనండి.